కోడుమూరు గోడ మీద కొలియూర్ రేవు

ఈరోజు నా వెనకాల గోడ చూసినారా? ప్రతిసారీ ఇక్కడ పుస్తకాల బీరువా ఉండేది. ఈరోజు దాన్ని పక్కకు జరిపి ఒక పటం పెట్టినా. ఒక కిటికీ తెరిచి ఉంది, కిటికీ అవతల పడవలు, నీళ్లేమో గులాబీ రంగులో ఉన్నాయి. ఎడమ పక్క గోడ పచ్చగా, కుడి పక్క గోడ ముదురు గులాబీగా ఉంది. మొదటిసారి చూసినవాళ్లు "ప్రింటు చెడిపోయిందా?" అని అడుగుతారు. చెడిపోలేదు. హెన్రీ మతీస్ అనే ఫ్రెంచి చిత్రకారుడు 1905 ఎండాకాలంలో అట్లనే వేసినాడు.

ఈ పటం మా ఇంట్లో ఒక చిన్న గొడవకు కారణమైంది. ఈరోజు ఆ గొడవ గురించి, దాని వెనకాల ఉన్న నూరేళ్ల పైబడిన చరిత్ర గురించి మాట్లాడుకుందాం.

మా పాత ఇల్లు మట్టి మిద్దె. రాతి గోడలు, పైన దూలాలు, దంతెలు, చవుడు మట్టి కప్పు. వెలుతురంతా పైన ఉండే గవాక్షి గుండా పడేది. మా నాయన మగ్గం ముందర గదిలో ఉండేది. గుంట మగ్గం. ఆ గదిలో దూలానికి ఆనించి, కొంచెం ముందుకు వంచి, వరసగా పటాలు కట్టి ఉండేవి. లక్ష్మీ, సరస్వతి, శ్రీరామ పట్టాభిషేకం, మా జేజినాయన ఫోటో, ఒక శివకాశి క్యాలెండర్‌ది వెంకటేశ్వరస్వామి. మిద్దె పడగొట్టి కొత్త ఇల్లు కట్టినప్పుడు వాటిలో సగం అద్దాలు పగిలినాయి, కొన్నిటికి చెదలు పట్టి ఉండె. కొత్త గోడలు తెల్లగా, ఖాళీగా నిలబడినాయి. నేను పోయి మతీస్ కిటికీ తెచ్చి, లక్ష్మీదేవి పటం ఉండాల్సిన చోట మేకు కొట్టినా.

మా నాయన చూసి ఒకటే మాట అన్నాడు. "దేవుండ్లను తీసి పడవలు పెడతావా? మన ఊళ్లో నీళ్లు యాడున్నాయిరా పడవలకు?"

హంద్రీ ఒడ్డున ఉండే ఊరు మాది. ఏడాదిలో ఎక్కువ భాగం హంద్రీలో ఇసుకే కనపడుతుంది. ఆయన అడిగిన దాంట్లో న్యాయం ఉంది. ఈ ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. వెతుక్కుంటూ పోతే దొరికిందే ఈ కథ.

ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. మన ఇండ్లలో ఆ దేవుళ్ల పటాలు కూడా అనాదిగా ఉన్నవేం కాదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో లితో ప్రెస్ పెట్టినాడు. జర్మనీ యంత్రాలు, జర్మనీ పనివాళ్లు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి, ఒక్కో రాతి మీద నుంచి కాగితానికి ఒక్కో ముద్ర. తర్వాత ఆ ప్రెస్ లోనావాలా దగ్గర మళవలికి మారింది, కొన్నేళ్లకు ష్లైకర్ అనే జర్మన్ నిపుణుడి చేతికి పోయింది. అంటే మా నాయన "మన దేవుండ్లు" అని చూపించే లక్ష్మీదేవి, యూరపు తైలవర్ణ పద్ధతి నేర్చుకున్న కేరళ చిత్రకారుడి చేతిలో పుట్టి, జర్మనీ యంత్రం మీద అచ్చయి, రాయలసీమ మిద్దెలోకి వచ్చింది. వచ్చి రెండు తరాలు ఉండేసరికి మనదైపోయింది. ఆ తర్వాత శివకాశి వంతు. కోవిల్‌పట్టిలో ఉండి దేవుళ్ల బొమ్మలు వేసిన కొండయ్యరాజు, ఆయన శిష్యులు దక్షిణాది క్యాలెండర్లకు ఒక రూపం ఇచ్చినారు. మన కిరాణా కొట్లు, ఎరువుల అంగళ్లు, బంగారు అంగళ్లు ఏటా పంచేవి ఆ వరసవే.

ఇంకో దారి కూడా ఉంది, చందమామ. 1947 జులైలో మొదలైంది. దాన్ని నడిపిన నాగిరెడ్డి గారు మన కడప జిల్లా మనిషి. ఆ చందమామ అట్టల మీద వడ్డాది పాపయ్య గారు, అదే వ.పా., వేసిన బొమ్మలు ఎన్నో ఇండ్లలో కత్తిరించి పటం కట్టించుకున్నారు. మా ఇంట్లో బియ్యం డబ్బా మూత లోపల ఒకటి మైదాపిండి పెట్టి అతికించి ఉండేది, ఎవరు అతికించినారో తెలీదు. వ.పా. గారి ఆకాశం ఒక్కోసారి ఆకాశం రంగులో ఉండదు. గంధం రంగులో ఉంటుంది, ఊదాగా ఉంటుంది. మేం చిన్నప్పుడు దాన్ని తప్పు అనుకోలేదు. ఇప్పుడు మతీస్ నీళ్లు గులాబీగా ఉంటే తప్పంటున్నాం.

ఇంకా ఒకటి, సీనరీలు! మీకు గుర్తుందా? తిరునాళ్లలో, బస్టాండుల్లో చుట్టలు చుట్టి అమ్మే పెద్ద పోస్టర్లు. మంచు కొండ, కింద చెరువు, చెరువు పక్కన ఎర్ర పెంకుల ఇల్లు, ముందర పూలతోట. లేకపోతే జలపాతం. మంగలి షాపులో, హోటల్లో, పెళ్లయిన కొత్త జంట గదిలో అదే ఉండేది. వాన కోసం ఆకాశం చూసే సీమలో, బిందెడు నీళ్లకు కొట్లాడుకునే వీధుల్లో, గోడ మీద మాత్రం జలపాతం. నేను దీన్ని ఎగతాళి చేయడంలేదు. లేనిదాన్ని గోడకు తగిలించుకోవడం మనిషి స్వభావం. కానీ మా నాయన "పడవలు ఎందుకు" అని అడిగినప్పుడు, ఆయన పెండ్లినాటి సీనరీ గుర్తుకు చేసినా. ఆయన నవ్వలేదులే.

సరే, ఇప్పుడు ఫ్రాన్సుకు పోదాం. 1905 ఎండాకాలం. కొలియూర్ అని స్పెయిన్ సరిహద్దు దగ్గర మధ్యధరా సముద్రం ఒడ్డున చేపల రేవు. మతీస్‌కు 35 ఏండ్లు, పెండ్లాం పిల్లలు, చాలని డబ్బులు. అతనితో ఆంద్రే దెరెన్ అని 25 ఏండ్ల కుర్రవాడు. ఉత్తరాది మబ్బుల కింద పెరిగినవాళ్లు ఇద్దరూ. దక్షిణాది ఎండ చూసి తబ్బిబ్బు అయినారు. నీడ నల్లగా ఉండదని, నీడకు కూడా రంగు ఉంటుందని దెరెన్‌కు అక్కడ తెలిసింది. కొండను ఎర్రగా, చెట్టు బోదెను నారింజగా, నేలను గులాబీగా వేసినాడు. రంగును గొట్టంలో నుంచి తీసి పెద్దగా కలపకుండా పెట్టినారు. గీతల మధ్య తెల్ల గుడ్డ అట్లనే వదిలేసినారు.

అక్టోబర్ 18న పారిస్‌లో శరత్కాల ప్రదర్శన తెరిచినారు. ఏడో నంబరు గదిలో మతీస్, దెరెన్, వ్లామింక్ మరికొందరి బొమ్మలు పెట్టినారు. అదే గదిలో పాత పద్ధతిలో చెక్కిన ఒక శిల్పం ఉంది. లూయీ వోసెల్ అనే విమర్శకుడు దాన్ని చూసి, క్రూరమృగాల మధ్య దొనతెల్లో చిక్కుకున్నట్టు ఉందని వెక్కిరించినాడు. దొనతెల్లో అంటే ఇటలీ పాత కాలపు మహాశిల్పి. క్రూరమృగం అంటే ఫ్రెంచిలో ఫోవ్. ఆ తిట్టే పేరయింది, ఫావిజం. ఉద్యమంగా అది నిలబడింది మూడు నాలుగేండ్లే, 1908 నాటికి ఎవరి దారి వాళ్లది. వొలార్ అనే వ్యాపారి దెరెన్‌ను లండన్ పంపితే అక్కడి పొగమంచు నదిని కూడా పసుపుపచ్చగా వేసి వచ్చినాడు, అది వేరే ముచ్చట.

ఇక్కడ ఒక తేదీ పక్కన ఇంకో తేదీ పెట్టి చూడండి. 1905 అక్టోబర్ 16న బెంగాల్ విభజన అమల్లోకి వచ్చింది. స్వదేశీ ఉద్యమం, విదేశీ బట్టల బహిష్కారం నడుస్తా ఉన్న రోజులు. పారిస్‌లో రంగుల మీద గొడవ, ఇక్కడ బట్టల మీద గొడవ. ఈ రెండింటికీ సంబంధం లేదు అనుకుంటారు. ఉంది. నాకు అసలు ఆసక్తి పుట్టింది ఇక్కడే.

మతీస్ ఎక్కడివాడు? పుట్టింది ల కాతో అనే ఊళ్లో, పెరిగింది బొహాన్‌లో. రెండూ ఫ్రాన్సు ఉత్తరాన నేతపని ఊళ్లు. అతని పూర్వీకులు నేతగాళ్లు. బొహాన్‌లో పట్టు మీద చేసే సన్నటి పనికి పారిస్‌లో గిరాకీ ఉండేది. అతని నాయన విత్తనాల వ్యాపారి, మన కోడుమూరు బజారులో విత్తనాల అంగడి మాదిరి. వాళ్లమ్మ ఆ అంగట్లోనే ఇండ్లకు వేసే రంగులు అమ్ముతూ, ఏ గోడకు ఏ రంగు బాగుంటుందో వచ్చినవాళ్లకు చెప్పేది. మతీస్ బతికినన్నాళ్లూ గుడ్డపేలికలు పోగుచేసినాడు. ఏ ఊరుకు పోయినా పాత బట్టలు, తెరలు, తివాచీలు కొనుక్కొచ్చి బొమ్మల్లో పెట్టుకునేవాడు. ఇది చదివిన రోజు మా నాయనకు చెప్పినా. "అయితే మనోడే" అన్నాడు. అప్పుడు పటాన్ని దగ్గరికి పోయి చూసినాడు, మొదటిసారి.

ఇంకొంచెం వెనక్కు పోదాం. పారిస్‌లో గోబెలిన్ అని రాజుల కాలం నాటి నేత కార్ఖానా ఉంది. గోడలకు వేలాడదీసే పెద్ద పెద్ద నేత చిత్రాలు అక్కడ చేసేవాళ్లు. 1824లో దాని రంగుల విభాగానికి షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్తను పెద్దగా పెట్టినారు. పోయీపోగానే ఫిర్యాదు వచ్చింది. నల్ల నూలు సరిగ్గా పట్టడంలేదు, వెలవెలబోతోంది అని. ఆయన నూలు తీసుకుని పరీక్షలు చేసినాడు. అద్దకంలో లోపం లేదు. మరి? నల్ల నూలు పక్కన పెట్టిన నీలం, ఊదా రంగుల వల్ల కండ్లకు అట్లా కనపడుతోంది. రంగు ఒంటరిగా ఉండదు, పక్కన ఉన్నదాన్ని బట్టి మారుతుంది. ఎరుపు పక్కన పచ్చ పెడితే రెండూ మండుతాయి. పదేండ్లకు పైగా పనిచేసి 1839లో దాని మీద పెద్ద పుస్తకం అచ్చేసినాడు. అదే 1839లోనే ఇక్కడ కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను ఇంగ్లీషు వాళ్లు పట్టుకుని రాజ్యం కలుపుకున్నారు, మనకు ఆ సంవత్సరం దానికే గుర్తు. షెవ్రోల్ నూరేండ్లు దాటి బతికినాడు. ఆయన పుస్తకం చిత్రకారుల చేతుల్లో పడి, ఒకరి నుంచి ఒకరికి పోయి, మతీస్ దాకా వచ్చింది.

అంటే ఫావిస్టు రంగుల వెనకాల ఉన్నది ఒక నేత కార్ఖానాలో వచ్చిన ఫిర్యాదు.

దీన్ని మా ఊరి మగ్గం పక్కన పెట్టి చూడండి. ఇక్కడ గద్వాల తరహా చీరలు నేస్తారు. ఒళ్లంతా నూలు, అంచు, కొంగు పట్టు. ఒంటి రంగు వేరు, అంచు రంగు వేరు. చిలకపచ్చ ఒంటికి ఎర్ర అంచు, పసుపుకు వంగపండు రంగు అంచు. షెవ్రోల్ పుస్తకం ఎవరూ చదవలేదు. కానీ ఏ రంగు పక్కన ఏది పెడితే "లేస్తుందో", ఏది పెడితే "చచ్చిపోతుందో" మా ఇంట్లో అందరికీ తెలుసు. మాటలు కూడా అవే. నూలుకు రంగులేసే మా చిన్నాయన దెరెన్ కొలియూర్ కొండల బొమ్మ ఫోనులో చూసి చెప్పిన మాట ఇది: "ఈయనకు పచ్చ, ఎరుపు ఎంతెంత పెట్టాలో తెలుసు. ఎరుపు కొంచెం పెట్టినాడు, అందుకే లేచింది." నేను ఈ కళ గురించి చదివినవాటిలో ఇంత సూటి మాట తక్కువ.

కానీ ఈ రంగుల కథలో మనకు నష్టం కూడా ఉంది, అది చెప్పకుండా దాటేస్తే తప్పు. 19వ శతాబ్దంలో రసాయన శాస్త్రం రంగులను తలకిందులు చేసింది. 1841లో రంగు నింపుకునే తగరపు గొట్టం వచ్చింది, దాంతో చిత్రకారుడు ఎండలోకి, రేవు దగ్గరికి పోగలిగినాడు. 1856లో పెర్కిన్ అనే ఇంగ్లీషు కుర్రవాడు తారు నుంచి ఊదా రంగు తీసినాడు. తర్వాత కృత్రిమ ఎరుపు. 1897లో జర్మనీ కంపెనీ బి.ఎ.ఎస్.ఎఫ్. కృత్రిమ నీలిని బజారులోకి తెచ్చింది. ఆ నీలి దెబ్బ ఎవరికి తగిలింది? బెంగాల్, బీహార్ నీలి తోటల కథ అందరూ చదువుకున్నారు. కడప నీలి సంగతి ఎంతమందికి తెలుసు? లండన్ బజారులో మద్రాసు నీలికి "కుర్పా" అని పేరుండేది, కడప అనే మాట ఇంగ్లీషు నోట్లో నలిగి అట్లయింది. ఇక్కడ రైతులు నీలి చెట్టు పండించి, తొట్లలో నానబెట్టి, చితక్కొట్టి, ముద్దలు చేసి పంపేవాళ్లు. జర్మనీ నీలి వచ్చినాక పదిహేనేండ్లలోపే ఆ వ్యాపారం కూలిపోయింది. పారిస్‌లో చిత్రకారుల పెట్టెలు నింపిన ఆ శాస్త్రమే సీమలో నీలి తొట్లను ఎండబెట్టింది. చిత్రకారుల రంగు, అద్దకం రంగు ఒకటే కాదు, నిజమే. కానీ రెండూ ఒకే కాలపు ప్రయోగశాలల బిడ్డలు. మా చిన్నాయన వాడే రంగు పొడి కూడా ఆ వంశంలోదే. కాబట్టి ఈ బొమ్మలో రంగులు చూసి నేను మురిసిపోయినప్పుడల్లా లోపల ఎక్కడో కొంచెం గుచ్చుకుంటుంది.

ఇప్పుడు పటం సంగతి. మీలో ఎవరైనా ఇట్లాంటి ప్రింటు పెట్టుకోవాలనుకుంటే నేను చేసిన తప్పులు చెప్తా.

మొదట నేను పోయింది ఫ్లెక్సీలు కొట్టే అంగడికి. నాయకుల పుట్టినరోజు బ్యానర్లు కొట్టే యంత్రం మీద దెరెన్ కొండలను కొట్టించినా. అసలు బొమ్మ వెడల్పు మీటరు, ఎత్తు 81 సెంటీమీటర్లు, అంత సైజూ తీయించినా. ఎట్లా వచ్చిందంటే, కొండల మధ్యలో ఎవరైనా ఎమ్మెల్యే అభ్యర్థి చేతులు జోడించి నిలబడతాడేమో అనిపించింది. మెరుపు ఎక్కువ, రంగులన్నీ ఒకే అరుపు. ఫావిస్టు బొమ్మలో అరుపు ఉంటుంది కానీ మధ్యలో ఊపిరి పీల్చుకునే తెల్లటి చోటు కూడా ఉంటుంది. ఫ్లెక్సీ ఆ చోటును మింగేసింది. ఇప్పుడది మా పెరట్లో కట్టెల మీద కప్పి ఉంది.

రెండోసారి కర్నూలులో మెరుపు లేని మందపాటి కాగితం మీద తీయించినా. మతీస్ కిటికీ అసలు సైజు 55 సెంటీమీటర్ల ఎత్తు, 46 వెడల్పు. పెద్ద బొమ్మ కాదు! పుస్తకాల్లో చూసి అందరూ పెద్దదనుకుంటారు. కాబట్టి అసలు సైజులోనే ఇంట్లో పెట్టుకోవచ్చు. బొమ్మ వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. చట్టం సంగతి అడిగేవాళ్లు ఉంటారు. మన దేశంలో కాపీరైటు చిత్రకారుడు పోయిన తర్వాత 60 ఏండ్లు. మతీస్, దెరెన్ ఇద్దరూ 1954లో పోయినారు, అంటే ఇక్కడ 2014తో ముగిసింది. వ్లామింక్ 1958లో పోయినాడు, ఆయనది 2018తో.

ప్రింటులో నాలుగే సిరాలు ఉంటాయి. సియాన్, మజెంటా, పసుపు, నలుపు. మతీస్ నారింజ, ఆ ముదురు పచ్చ పూర్తిగా రావు. అది ఒప్పుకోవాల్సిందే. ఎండ ఇంకో సమస్య. మన ఊళ్లలో పాత సినిమా పోస్టర్లు, మందుల అంగడి బొమ్మలు చూడండి, అన్నీ నీలంగా మిగులుతాయి. పసుపు, ఎరుపు ముందు పోతాయి కాబట్టి. ఫావిస్టు బొమ్మలో ఎరుపు పోతే ఇంకేం మిగిలింది? పడమటి కిటికీకి ఎదురుగా పెట్టొద్దు. ఆ మాటకొస్తే అసలు బొమ్మలకు కూడా ఈ గతి ఉంది. మతీస్ 1905-06లో వేసిన ఒక పెద్ద బొమ్మలో కాడ్మియం పసుపు కొన్నిచోట్ల వెలిసిపోయి మట్టిరంగుకు తిరిగింది. అది ఫిలడెల్ఫియాలో ఉంది, శాస్త్రవేత్తలు పరీక్షించి చూసినారు.

అద్దానికి, కాగితానికి మధ్య అట్ట చట్రం పెట్టించండి. ఎందుకంటే, 2009 అక్టోబర్ మొదట్లో కర్నూలును తుంగభద్ర, హంద్రీ కలిసి ముంచినాయి కదా. మా మేనత్త ఇల్లు అక్కడే. నీళ్లు తీసినాక పటాలు విప్పబోతే, కాగితం అద్దానికి అతుక్కుపోయి ముఖాలు ఊడొచ్చినాయి. మామ ఫోటో ఒక్కటే ఉండె, అదీ పోయింది. ఆమె ఆ అద్దం పారేయలేదు. అద్దానికి అతుక్కున్న సగం ముఖాన్నే ఇప్పటికీ దేవుని గూట్లో పెట్టుకుంది. గోడ మీద ఏం పెట్టుకోవాలనేది చిన్న విషయం అనేవాళ్లకు నేను ఆ అద్దం చూపిస్తా.

చివరికి మా ఇంట్లో ఏం జరిగిందంటే, లక్ష్మీదేవి తన చోటుకు తాను వచ్చింది. కొత్త అద్దం వేయించినా. మతీస్ కిటికీ దానికి ఎదురు గోడకు పోయింది. మగ్గం పీకేసినాక ఆ గదిలో ఒక కుర్చీ తప్ప ఏమీ లేదు. నాయన మోకాళ్ల నొప్పులతో గుంటలో కాళ్లు పెట్టలేక నేత మానేసినాడు, ఆ తర్వాత చాన్నాళ్లు ఆ గదిలోకి పోలేదు. ఇప్పుడు మధ్యాహ్నాలు పోయి కూర్చుంటాడు. దేవతను చూస్తాడో కిటికీని చూస్తాడో నేను అడగలేదు.

పోయిన వారం మాత్రం పిలిచి, పటంలో ఎడమ గోడ పచ్చను, కుడి గోడ గులాబీని చూపించి, "ఇది ఒంటికి, ఇది అంచుకు. నేను 1980లల్లో ఇట్లాంటి చీర ఒకటి నేసినా, సేటు కొనలేదు, ఎక్కువ కొడుతుంది అన్నాడు" అని చెప్పినాడు. ఆ చీర ఏమయిందని అడిగినా. మీయమ్మ పెట్టెలో చూడు అన్నాడు. చూసినా. ఉంది. మడతల దగ్గర చీకిపోయింది కానీ రంగు పోలేదు. కెమెరా కొంచెం ఇటు తిప్పుతా, చూడండి, ఇదే.